టీసీసీ చేత తెలుగులో తప్పులు చెప్పించాను: నా అనుభవం

మా అక్క కూతురు డిప్లొమా చదువుతోంది. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ రికార్డు పట్టుకొని అనంతపురం కమలానగర్‌లోని మా డీటీపీ షాపుకు వచ్చింది. కవర్ పేజీ ప్రింటు కావాలంది. ఊరికే పేజీలు తిప్పుతుంటే ఒకచోట నా చెయ్యి ఆగింది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము కింద "అవుట్‌పుట్" అని గీత గీసి, 8 ఫ్యాక్టోరియల్ విలువ -25216 అని నీటుగా రాసుంది.

"ఏం పాపా, ఒకటి నుంచి ఎనిమిది దాకా గుణిస్తే మైనస్ ఎట్లొస్తుంది?"

"స్క్రీను మీద అదే వచ్చింది మామా. వచ్చింది వచ్చినట్టు రాసినా."

తప్పు తనది కాదు. వాళ్ల ల్యాబ్‌లో ఉన్నది డాస్ కాలం నాటి టర్బో సీ. అందులో పూర్ణాంకాన్ని దాచే ఇంట్ అంటే 16 బిట్లు, 32767 వరకే పడుతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40320. అందులోంచి 65536 తీసేస్తే సరిగ్గా -25216 వస్తుంది. ఆ లెక్క చెబితే పాప కళ్లు పెద్దవి చేసుకొని విన్నది. చెప్పేవాళ్లు లేకపోతే మాత్రం యంత్రం ఏం చూపిస్తే అదే నిజమనుకొని రాసుకుంటూ పోతారు. నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఇంట్లో తను సొంతంగా ప్రోగ్రాము రాసి, తప్పు చేసి, సరిదిద్దుకోవడానికి ఒక యంత్రం కావాలి అనిపించింది.

షాపు అటక మీద 2009లో కొన్న నెట్‌బుక్ ఒకటుంది. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 32 బిట్. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు ఉంటేనే వెలుగుతుంది. దాంట్లో డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ లినక్స్ చిన్న ఎడిషన్ వేశాను. మనం రాసిన ప్రోగ్రామును యంత్రం నడిపే కోడ్‌గా మార్చే కంపైలర్‌గా టీసీసీని, అంటే టైనీ సీ కంపైలర్‌ని ఎంచుకున్నాను.

దాని గురించి కొంచెం చెప్పాలి. ఇది మొదట ఒక మనిషి సరదాగా మొదలుపెట్టిన పని. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్, చదివితే అర్థం కాకుండా సీ కోడ్ రాసే అంతర్జాతీయ పోటీకి 2001లో ఒక బుల్లి కంపైలర్ పంపి గెలిచాడు. దాన్నే పెంచి టీసీసీ చేశాడు. పెళ్లి వీడియోల సైజు తగ్గించడానికి నేను రోజూ వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను మొదలుపెట్టింది కూడా ఆయనే. టీసీసీ 0.9.27 వెర్షన్ 2017 డిసెంబరులో వచ్చింది. సోర్సు మొత్తం కుదించిన ఫైలు ఒక ఎంబీ కూడా ఉండదు. లినక్స్‌లో మామూలుగా వాడే కంపైలర్ జీసీసీ అయితే కోడ్‌ను అసెంబ్లీగా మార్చి, అసెంబ్లర్‌కు ఇచ్చి, ఆ తర్వాత ముక్కలన్నీ కలిపే లింకర్‌కు ఇస్తుంది. ఒక్కొక్కటీ వేరే ప్రోగ్రాము. టీసీసీ అన్నీ తన కడుపులోనే పెట్టుకొని, ఫైలు చదువుతూ చదువుతూనే మెషిన్ కోడ్ రాసేస్తుంది. అందుకే అంత వేగం.

దీన్ని ఎంచుకోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. టీసీసీ మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. జీసీసీ ఒక సెమికోలన్ మరిచిపోతే కొన్నిసార్లు పది ఎర్రర్లు కుమ్మరిస్తుంది. వాటిలో తొమ్మిది మొదటి దాని పిల్లలే. కొత్తగా నేర్చుకునే పిల్ల స్క్రీను నిండా ఎరుపు చూసి టెన్షన్ పడి, చివరి లైను మాత్రం చదువుతుంది. ఒక్క తప్పు, ఒక్క లైను చూపిస్తే చాలు.

రెడీమేడ్ ప్యాకేజీ వేసుకోవచ్చు. కానీ లోపల మార్పులు చేయాలని అప్పటికే మనసులో ఉంది కాబట్టి సోర్సు నుంచే కట్టాలనుకున్నాను. టీసీసీని కట్టడానికి ముందు ఇంకో సీ కంపైలర్ కావాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే. ఒకసారి తయారైతే తనను తానే కంపైల్ చేసుకోగలదు గానీ మొదటి విత్తనం జీసీసీయే.

షాపు కంప్యూటర్లో సోర్సు దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పెన్‌డ్రైవ్ మీదే, కట్టే ముందు యంత్రాన్ని పరిశీలించే కాన్ఫిగర్ స్క్రిప్టు నడిపాను. "పర్మిషన్ డినైడ్" అంది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా మారినా అదే మాట. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది. అందులో ఈ ఫైలును నడపవచ్చు అనే గుర్తు దాచుకునే చోటు లేదు. నెట్‌బుక్ డిస్క్ మీదికి కాపీ చేస్తే ఆ గొడవ పోయింది. కాపీ చేసిన ఫోల్డర్ పేరు మధ్యలో ఖాళీ ఉండటం వల్ల కంపైల్ పనులన్నీ వరసగా చేయించే మేక్ కూడా తడబడింది. మేక్‌కు ఖాళీ అంటే రెండు వేరు వేరు పేర్లు. పేరు మార్చాను.

తర్వాత జీసీసీ. డిస్క్‌లో చోటు తక్కువ కదా అని, సిఫారసు ప్యాకేజీలు వద్దు అనే ఆప్షన్ పెట్టి వేయబోయాను. అసలు ప్యాకేజీలు దించి వేసే ఆప్ట్ మొదలే కాలేదు. రిపాజిటరీలోని రిలీజ్ ఫైలు "ఇంకా చెల్లదు" అంటోంది. తేదీ చూస్తే 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సెల్లు అయిపోయింది. ఆ యంత్రం లెక్కలో రిలీజ్ ఫైలు భవిష్యత్తులో రాసింది, అందుకే నమ్మలేదు. చేత్తో తేదీ పెట్టి పని కానిచ్చాను. సెల్లు సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆ వాయిదా నాకు తర్వాత రెండు గంటలు ఖర్చు పెట్టించింది.

ఇప్పుడు కాన్ఫిగర్ నడిపితే జీసీసీ మొరాయించింది. ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ లేదంది! సీ నేర్చుకునే ప్రతి ఒక్కరూ రాసే మొదటి లైను అది. జీసీసీ అంటే కంపైలర్ మాత్రమే, సీ లైబ్రరీ హెడర్లు (ఏ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పే ఫైళ్లు) వేరే ప్యాకేజీలో ఉంటాయి. డెబియన్‌లో దాని పేరు లిబ్‌సీ6-డెవ్. అది జీసీసీకి సిఫారసు ప్యాకేజీ, నేను వద్దన్నవాటిలో అదీ పోయింది. మెయిన్ కంటే ముందు నడిచే సీఆర్‌టీ1 డాట్ ఓ అనే చిన్న ముక్క కూడా అందులోనే వస్తుంది. ఎవరైనా ఎస్‌టీడీఐఓ దొరకలేదనో, సీఆర్‌టీ1 దొరకలేదనో అడిగితే నేను ముందు ఈ ప్యాకేజీ పేరే చెబుతాను.

మేక్ మొదలైంది. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే జరుగుతుంటే భలే సంతోషంగా ఉంది. పక్క బండి నుంచి ఉగ్గాని, బజ్జి తెప్పించుకొని కూర్చున్నాను. మొదటి బజ్జి కొరికేలోపే కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక మళ్లీ మేక్ కొట్టాను. ఈసారి కంపైల్ ఏమీ కాలేదు, నేరుగా లింకర్ దగ్గర ఆగింది. ఒక ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ అయిన ముక్క) పేరు చూపించి "ఫైల్ ట్రంకేటెడ్" అంది. సోర్సులో ఏదో లోపమనుకొని అరగంట వెతికాను. చివరికి ఫైళ్ల సైజులు చూస్తే ఆ ఆబ్జెక్ట్ ఫైలు సున్నా బైట్లు. కరెంటు పోయేసరికి పేరు డిస్క్ మీదికి ఎక్కింది, లోపలి సరుకు ఎక్కలేదు. మేక్ లోపల ఏముందో చూడదు. ఫైలు ఉందా, సోర్సు కంటే కొత్తదా అని తేదీ మాత్రమే చూస్తుంది. ఉంది, కొత్తదే, కాబట్టి పని అయిపోయింది అనుకుంది. మేక్ క్లీన్ కొట్టి పాత ముక్కలన్నీ తుడిచేసి మొదటి నుంచి కడితే సాఫీగా అయిపోయింది. అర్థం కాని లింకర్ ఎర్రర్ వస్తే ముందు మేక్ క్లీన్ చేసి చూడటం అప్పటి నుంచి నాకు అలవాటు.

తయారైన టీసీసీని అక్కడికక్కడే నడిపితే లిబ్‌టీసీసీ1 డాట్ ఏ దొరకలేదంది. అది టీసీసీ సొంత సహాయక లైబ్రరీ. 32 బిట్ యంత్రం మీద 64 బిట్ అంకెల భాగహారం లాంటివి అందులో ఉంటాయి. మేక్ ఇన్‌స్టాల్ చేసేదాకా దాన్ని వెతకాల్సిన చోట అది ఉండదు. ఇన్‌స్టాల్ చేశాను, సరిపోయింది.

మరుసటి రోజు పాపను పిలిచి రికార్డులోని ప్రోగ్రాములు ఒక్కొక్కటే టైప్ చేయించాను. ఒకటి తన స్నేహితురాలు వర్డ్‌లో టైప్ చేసి పంపింది. అందులో కొటేషన్ గుర్తులు వంకర తిరిగి ఉన్నాయి. సీకి కావాల్సింది నిటారు కొటేషన్. కంటికి రెండూ ఒకటే, కంపైలర్‌కు కాదు. డీటీపీ పనిలో ఆ వంకర గుర్తులే అందం కాబట్టి నాకు చూడగానే తెలిసింది.

తర్వాతిది కోనియో డాట్ హెచ్. టర్బో సీలో నేర్చుకున్న ప్రతి ప్రోగ్రాములోనూ అది ఉంటుంది, దాని వెనకే స్క్రీను తుడిచే సీఎల్ఆర్ స్క్రీన్, చివర్లో గెట్ సీహెచ్. ఇవి సీ ప్రమాణంలో లేవు, డాస్ కంపైలర్లు తెచ్చినవి. లినక్స్‌లో ఆ హెడర్ లేదు. టీసీసీ రెండో లైను దగ్గరే ఆ ఫైలు దొరకలేదని ఆగింది. పాప వెంటనే ఆ లైను తీసేసింది. నేను ఆపలేదు, చూద్దామని. అన్ని వార్నింగులూ చూపే ఆప్షన్ పెట్టి నడిపితే ఇప్పుడు వేరే మాట వచ్చింది. సీఎల్ఆర్ స్క్రీన్ అనే ఫంక్షన్‌ను ముందు చెప్పకుండానే వాడావని వార్నింగ్. ఆ కింద, లైను నంబర్ లేకుండా, "అన్‌డిఫైన్డ్ సింబల్" అని ఎర్రర్.

"ఏంది మామా, ఒకటే తప్పుకు రెండు మాటలు చెబుతోంది?"

ఇక్కడ నేను చాలాసేపు ఆగాను, ఎందుకంటే నా లెక్కలో కంపైలేషన్ సమస్యల్లో సగం ఈ ఒక్క ముడి విప్పితే తేలిపోతాయి. ఎర్రర్ ఏం చెబుతోంది అనేదానికన్నా ముందు, ఎవరు చెబుతున్నారు అని చూడాలి. హెడర్ దొరకలేదంటే మాట్లాడుతున్నది ప్రీప్రాసెసర్. అది ఇంకా మన కోడ్ చదవనే లేదు, ఫైళ్లు తెచ్చి అతికించే పనిలో ఉంది. సెమికోలన్ లేదు, ఈ పేరు తెలియదు అంటే మాట్లాడుతున్నది కంపైలర్, కాబట్టి లైను నంబర్ ఇస్తుంది. అన్‌డిఫైన్డ్ అంటే మాట్లాడుతున్నది లింకర్. దానికి మన లైన్లతో సంబంధం లేదు. ఒక పేరు వాడారు, ఆ పేరు గల కోడ్ ఏ ముక్కలోనూ లేదు అంటోంది. పెళ్లి కార్డులో పేరుంది, మనిషి మాత్రం పెళ్లికి రాలేదు. కార్డు ఎంత సరిదిద్దినా ఏం లాభం, మనిషిని పిలుచుకు రావాలి కదా.

పాపకు అది వెంటనే పట్టుబడింది. వర్గ సమీకరణం మూలాల ప్రోగ్రాము దగ్గర ఎస్‌క్యూఆర్‌టీ అన్‌డిఫైన్డ్ అని వస్తే, "మ్యాథ్ డాట్ హెచ్ పెట్టినా కదా... అంటే కార్డు ఉంది, మనిషి లేడు" అని తనే అంది. కమాండ్ చివర డాష్ ఎల్ఎం అని లెక్కల లైబ్రరీని కలిపితే నడిచింది. ఫైలు పేరు తర్వాతే దాన్ని రాయడం మంచి అలవాటు అని చెప్పాను. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఎస్‌క్యూఆర్‌టీ లోపల నేరుగా 16 అని అంకె రాస్తే జీసీసీ తానే 4 అని లెక్క వేసేసి పెట్టుకుంటుంది, లైబ్రరీ అడగదు. వేరియబుల్ రాస్తే అడుగుతుంది. "నిన్న వచ్చింది, ఈరోజు రాలేదు" అని పిల్లలు తల పట్టుకునేది ఇట్లాంటి చోటే.

ఇదంతా ఇంగ్లీషులో వచ్చిన మెసేజ్‌ను నేను తెలుగులో చెబుతుంటే జరిగింది. నేను లేనప్పుడు? తెలుగు మీడియంలో పది పాసై వచ్చిన పిల్లకు "అన్‌డిక్లేర్డ్", "అన్‌డిఫైన్డ్" రెండూ ఒకే ముద్దగా కనిపిస్తాయి. టీసీసీ లైసెన్సు ఎల్‌జీపీఎల్. మార్చుకోవచ్చు, మార్చినది పంచితే ఆ సోర్సు కూడా ఇవ్వాలి. అందుకే సోర్సు తెరిచాను. ఫైలు దొరకలేదనే మాట టీసీసీపీపీ డాట్ సీలో ఉంది. పేరు తెలియదనే మాట టీసీసీజెన్ డాట్ సీలో, లింకర్ మాట టీసీసీఈఎల్ఎఫ్ డాట్ సీలో ఉన్నాయి. ఎవరు మాట్లాడతారో వాళ్ల ఫైలులోనే వాళ్ల మాటలున్నాయి.

మొదట షాపులో అలవాటైన డీటీపీ ఫాంటులో టైప్ చేసి అతికించాను. చెత్త గుర్తులు వచ్చాయి. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేశాను. అప్పుడు మెసేజ్ వచ్చింది గానీ టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు పడ్డాయి. టెర్మినల్ ప్రతి అక్షరానికి ఒక గడి ఇస్తుంది, మన అక్షరం గడిలో ఇమడదు. తేదీ మళ్లీ చేత్తో పెట్టి, తెలుగు ఫాంట్లు దించుకొని, ఎర్రర్లను ఒక ఫైలులోకి మళ్లించి ఎడిటర్‌లో తెరిచేట్టు రెండు లైన్ల స్క్రిప్టు రాశాను. అక్కడ ఒత్తులు కుదురుగా కూర్చున్నాయి.

అసలు దెబ్బ సెమికోలన్ దగ్గర తగిలింది. ఇంగ్లీషు మెసేజ్ వరస ఇది: ముందు ఉండాల్సిన గుర్తు, తర్వాత దాని స్థానంలో వచ్చిన మాట. తెలుగులో "ఫలానాది కాదు, ఇక్కడ ఇది ఉండాలి" అంటే సహజంగా ఉంటుందని వాక్యాన్ని తిప్పి రాశాను. మాట వచ్చే చోటును చూపే పర్సంట్ ఎస్ ముందుకు, ఒక్క గుర్తు వచ్చే చోటును చూపే పర్సంట్ సీ వెనక్కు పోయాయి. కట్టి, సెమికోలన్ లేని ప్రోగ్రాము ఇస్తే టీసీసీయే కుప్పకూలింది. సెగ్మెంటేషన్ ఫాల్ట్. కోడ్ నుంచి వచ్చే విలువల వరస మారలేదు కదా. మొదట వచ్చేది సెమికోలన్, దాని విలువ 59. పర్సంట్ ఎస్ ఆ 59ని ఒక చిరునామా అనుకొని అక్కడికి చదవడానికి వెళ్లింది. అది మన ప్రోగ్రాముకు అనుమతి లేని చోటు. ఏ విలువ ఎక్కడ రావాలో వరస నంబర్లు రాసే పద్ధతి లినక్స్‌లో ఉంది, నడిచింది కూడా. కానీ విండోస్ పాత సీ లైబ్రరీ ప్రింట్ఎఫ్‌కు అది తెలియదు, రేపు పాప స్నేహితులు విండోస్‌లో వాడాలంటే ఇబ్బంది. అందుకే వాక్యాన్నే పాత వరసకు తెచ్చాను: "ఇక్కడ ';' ఉండాలి, కానీ '}' ఉంది." ఇదే ఇంకా బాగుంది.

మరుసటి ఉదయం ఇంకో మెసేజ్ మార్చి మేక్ కొట్టాను. చేయడానికి ఏమీ లేదంది. నడిపితే పాత మాటే. ఫైలు తెరిచి చూస్తే నా మార్పు అక్కడే ఉంది. వేరే ఫోల్డర్‌లో కడుతున్నానేమో అని చూశాను, వేరే టీసీసీ నడుస్తోందేమో అని చూశాను. రెండు గంటలు గడిచాక, మేక్ మొదటి నుంచీ చెబుతున్న మాటను నిదానంగా చదివాను. ఫలానా ఫైలు తేదీ భవిష్యత్తులో ఉంది, గడియారం తేడాగా ఉంది, కట్టినది అసంపూర్ణం కావచ్చు. రాత్రి ఆపి పొద్దున వేసేసరికి యంత్రం మళ్లీ 2009కి పోయింది. నిన్న సరైన తేదీతో కట్టిన ఆబ్జెక్ట్ ఫైలు కొత్తది, ఈరోజు 2009లో మార్చిన సోర్సు పాతది. మేక్ తన లెక్కలో తాను సరిగ్గానే ఉంది. సప్తగిరి సర్కిల్ దగ్గర తెలిసిన రిపేరు షాపులో నెట్‌బుక్ విప్పించి సీఆర్ 2032 సెల్లు వేయించాను. అప్పటి నుంచి మార్చింది మార్చినట్టు వస్తోంది.

ఇక మిగిలింది మాటల పని. కంపైల్ చేయడం కన్నా ఇదే ఎక్కువ రోజులు పట్టింది. మెసేజ్‌లో వచ్చే పేరు మన చేతిలో లేదు, అది ఏదైనా కావచ్చు. దానికి ను, కి, లో తగిలిస్తే చూడటానికి బాగుండదు. "అనే పేరు" అని పెడితే ఏ పేరైనా ఇముడుతుంది. అన్‌డిక్లేర్డ్‌కు నేను "ప్రకటించబడలేదు" అని రాశాను. పాప చదివి ముఖం ముడుచుకుంది.

"ప్రకటన అంటే పేపర్లో వేసేది కదా మామా. నాకే అర్థం కాలేదు, వాళ్లకేం అర్థమవుతుంది?"

"మరి ఏమని పెడదాం?"

"'ఎక్స్ అనే పేరు ముందు చెప్పలేదు' అని పెట్టు. చాలు."

అదే పెట్టాను. లింకర్ మాట కూడా తనే చెప్పింది: "కలిపేటప్పుడు: ఈ పేరు వాడారు, దీని కోడ్ ఎక్కడా దొరకలేదు." ముందున్న "కలిపేటప్పుడు" అనే మాట నేను చేర్చాను, ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి. ఇప్పటికి తరచుగా వచ్చే మెసేజ్‌లు మాత్రమే మార్చాం, చాలా మిగిలున్నాయి. ఒక్కోటి మార్చి కట్టడానికి ఆ పాత నెట్‌బుక్ మీద కూడా ఎక్కువసేపు పట్టదు కాబట్టి ఆదివారాలు కూర్చుంటున్నాం.

పోయిన ఆదివారం పాప ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామే మళ్లీ తీసింది. 8కి 40320 వచ్చింది. ఒక్కొక్కటే పెంచుకుంటూ 13 దాకా పోయింది. 1932053504 అని వచ్చింది. మైనస్ లేదు, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

"మామా, దీనికి టీసీసీ ఏమీ అనలేదే" అంది. అప్పటికే పక్కన కాగితం మీద 12 ఫ్యాక్టోరియల్‌ను 13తో గుణించి పెట్టుకుంది: 6227020800.